కాలువలో మూడో మునక

ముప్పై ఏళ్లు దాటేవరకూ నాకు ఈత రాదు. పుట్టింది భవానీపురంలో, కృష్ణ ఒడ్డుకు కూతవేటు దూరంలో. అయినా రాదు. మా పక్కింటి కుర్రవాడొకడు రేవులో మునిగిపోయిన ఏడాది నుంచి మా అమ్మ నన్ను నది వైపు చూడనివ్వలేదు. పెరట్లో బావి, ఒక బకెట్టు, ఒక చెంబు. నేనెరిగిన కృష్ణానది అంతే. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. సిగ్గుపడాల్సిన పని నేను పాస్టరునయ్యాక చేశాను.

కొత్తగా అభిషేకం పొంది మొదటి ఊరికి వెళ్లబోయే కుర్ర పాస్టర్లు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. "అయ్యగారూ, మీ అనుభవంతో ఏదైనా ఒక మాట చెప్పండి" అంటారు. నేను కాఫీ ఇచ్చి, వాతావరణం గురించి మాట్లాడి పంపించేస్తుంటాను. చెప్పదగ్గ మాటలు నా దగ్గర పెద్దగా లేవు. కాలువలో జరిగిన ఈ సంగతి ఒకటి ఉంది. ఎదురుగా కూర్చుని చెబితే నవ్వేస్తారని రాస్తున్నాను. చదువుతూ నవ్వుకోండి, నాకు కనిపించదు.

డెబ్బైల మొదట్లో నన్ను పామర్రు అవతల, కాలువ గట్టు మీదున్న ఒక ఊరి చర్చికి వేశారు. బిషప్ గారి ఉత్తర్వు చేతికి రాగానే నేను సంపాదించుకున్నవి రెండు. ఒకటి పాత సైకిలు. రెండోది కొత్త తెల్లటి నిలువుటంగీ. వన్ టౌన్‌లో దర్జీ పక్కన కూర్చుని, మడమల దాకా రావాలి, కింద వెడల్పు బాగా ఉండాలి అని చెప్పి మరీ కుట్టించుకున్నాను. నడుస్తుంటే ఆ వెడల్పు అటూ ఇటూ ఊగాలి. అలా ఊగితే గౌరవం అనుకునే వయసది.

ఆ ఊళ్లో పాస్టర్లు మారతారు, బైబిలమ్మ మారదు. ఇంటింటికీ తిరిగి ఆడవాళ్లకి బైబిలు చదివి వినిపించే ఉద్యోగం ఆవిడది. దొరసానుల కాలంలో కుదిరిన మనిషి. పొట్టిగా, గుండ్రంగా, పెద్ద కళ్లద్దాలతో ఉండేది. గొంతు మాత్రం కాలువ అవతలి ఒడ్డుకి వినిపించేది. జ్వరం వచ్చినా, పురుడొచ్చినా, మొగుడూ పెళ్లాలు తగువాడుకున్నా ముందు ఆవిడకే కబురు. ఆదివారం గుళ్లో పాట ఎత్తుకునేదీ, ప్రకటనలు చదివేదీ, స్త్రీల కూటం నడిపేదీ ఆవిడే.

నేను వెళ్లిన నెల తిరక్కుండా ఇవన్నీ నా చేతిలోకి తీసుకున్నాను. పాట నేనే ఎత్తాను. నాకు శ్రుతి లేదు. ప్రకటనలు నేనే చదివాను. స్త్రీల కూటంలో కూడా నేనే వెళ్లి కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఆడవాళ్లంతా చాపల మీద తలలొంచుకుని, నేనెప్పుడు లేస్తానా అని ఎదురుచూశారు.

బైబిలమ్మ ఒకరోజు గుమ్మం దగ్గర ఆపింది.

"అయ్యగారూ, ఒకమాట అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. పాట మీరే, పాఠం మీరే, ప్రార్థన మీరే. ఆమెన్ కూడా మీరే అనేస్తే మేం ఇంటికాడే ఉంటాం కదండీ? వంటన్నా అవుద్ది."

నేను పెద్దమనిషి తరహాలో నవ్వి, "సంఘం ఒక క్రమంలో ఉండాలి కదమ్మా" అన్నాను. ఆవిడ కళ్లద్దాలు పైకి తోసుకుని, "అవునండీ, ఉండాలి" అని వెళ్లిపోయింది.

ఇక అబద్ధం సంగతి.

ఒక ఆదివారం పేతురు నీళ్ల మీద నడవబోయి మునిగిపోయే భాగం మీద ప్రసంగం చేస్తున్నాను. మధ్యాహ్నం కావొస్తోంది. ఉక్కగా ఉంది. మగవాళ్ల వైపు సగం మంది నిద్రలో ఉన్నారు. సంఘ కార్యదర్శి గారు, ఊరి బడిలో పంతులుగారు, ముందు బెంచీలో కూర్చుని, అందరికీ కనిపించేలా ఆవలించారు. నాకు పౌరుషం వచ్చింది. కిటికీలోంచి కాలువ మెరుస్తూ కనిపించింది. నా నోరు నన్ను అడగకుండానే కదిలింది.

"నీళ్లంటే ఏమిటో నాకు తెలుసు. కుర్రతనంలో నేను భవానీపురం రేవులో దూకి, కృష్ణ అవతలి ఒడ్డు తాకి, తిరిగి ఈదుకుంటూ వచ్చినవాణ్ణి!"

నిద్రపోతున్నవాళ్లంతా లేచారు. పంతులుగారి ఆవలింత సగంలో ఆగిపోయింది. అంతటి ఫలితం నాకు అంతకుముందు ఏ ప్రసంగంలోనూ దక్కలేదు. ఆడవాళ్ల వైపు రెండో వరసలో ఒక్క మనిషి మాత్రం తలెత్తి, కళ్లార్పకుండా నన్నే చూస్తోంది. మా ఆవిడ.

ఇంటికెళ్లి అన్నం పెడుతూ అడిగింది. "ఏ కృష్ణండీ మీరు ఈదింది? పెరట్లో బకెట్లోదా?"

"ప్రసంగంలో ఒక్కోసారి ఉదాహరణ కోసం…"

"ఉదాహరణ కాదండీ అది. అబద్ధం. పప్పు వేయమంటారా?"

వచ్చే ఆదివారం సరిచేస్తానన్నాను. ఆ ఆదివారం వచ్చేసరికి నేను వరదలో ఈదానని ఊళ్లో చెప్పుకుంటున్నారు. ఆ పై వారానికి వీపు మీద ఒక మనిషిని మోసుకుంటూ ఈదానట. వీధిలో పిల్లలు నన్ను చూసి చేతులతో నీళ్లు కొట్టే అభినయం చేసేవారు. నేను వాళ్ల తలలు నిమిరి ముందుకు పోయేవాణ్ణి. సరిచేయడానికి మంచి సమయం కోసం చూస్తూ ఉండిపోయాను. అలాంటి సమయం రాదని ఈపాటికి మీకు తెలిసిపోయి ఉంటుంది.

మా ఊరి కాలువ మీద ఒక లస్కరు ఉండేవాడు. కాలువ గట్లూ, తూములూ, నీటి తలుపులూ చూసుకునే సర్కారు కొలువు. తాటిమాను లాంటి మనిషి, చేతులు తెడ్లలా ఉండేవి. అతని భార్య మా సంఘంలో మనిషి, అతను కాదు. పెళ్లయిన నాటి నుంచీ ఒంటరిగానే గుడికి వచ్చేది. రొట్టె, ద్రాక్షారసం పంచే సంస్కారం రోజున భార్యాభర్తలు జంటలుగా వచ్చి బలిపీఠం ముందు కటకటాల దగ్గర మోకరించేవారు. ఆమె చివరన, ఒక పక్కగా మోకరించేది. పక్కన ఒక మనిషి పట్టేంత చోటు వదిలి మరీ మోకరించేది. నేను రొట్టె పట్టుకుని వెళ్తున్నప్పుడల్లా ఆ ఖాళీ చోటు నాకు కాలికి తగిలేది.

ఆ మార్చిలో ఒక సాయంత్రం లస్కరు మా వరండాలోకి వచ్చి, తలపాగా తీసి నిలబడ్డాడు. వెనకాల భార్య. ఇద్దరి వెనకాల బైబిలమ్మ. ఇన్నేళ్లూ అతని దగ్గరికి వెళ్లి మాట్లాడింది ఆవిడేనని నాకు అప్పుడే తెలిసింది.

"బాప్తిస్మం పుచ్చుకుంటానండి" అన్నాడు. "ఒక్క కోరికేనండి నాది. చెంబులో నీళ్లు నెత్తిన చల్లితే కుదరదండి. ముంచాల."

మా సంఘంలో ఆనవాయితీ చల్లడమే. పెద్దవాళ్లు కోరితే ముంచడానికి అడ్డేమీ లేదు. కానీ ఎవరూ కోరరు. నేనెప్పుడూ ముంచలేదు. ముంచడం చూడనూ లేదు.

"చల్లినా, ముంచినా ఒకటేనయ్యా. నీటి కొలతలో లేదు…"

"అయ్యగారూ, నీళ్లల్లో పుట్టి నీళ్లల్లో పెరిగినోణ్ణండి. నేనొచ్చి చెంచాడు నీళ్లు చల్లించుకుంటే దేవుడు నవ్వుతాడండి. 'ఏరా, నా కాలువంతా నీ చేతిలో పెడితే ఇంతేనా వాడింది' అంటాడు. రోడ్డవతల కొత్తగా పాక వేసిన బోధకుడు గారు ముంచుతానంటున్నారండి. మా ఆడది ఏడుస్తాంది, మన గుళ్లోనే పుచ్చుకోమని."

రోడ్డవతల పాక అనగానే నా వెన్ను నిటారుగా అయింది. అప్పటికే ఆ పాకలోకి మా కుటుంబాలు రెండు వెళ్లిపోయాయి.

"ఇంకో సంగతండి" అన్నాడు లస్కరు. "కాలువ వచ్చే వారం కట్టేస్తారు. మళ్లీ నీళ్లు జూన్‌లోనే. బిషప్ గారు ఈలోగా వస్తున్నారంట కదా. మీకేం లెండి, కిష్ణ ఈదినోరు. మా కాలువ మీకు పిల్లకాలువ."

బిషప్ గారు వచ్చేది కన్ఫర్మేషన్ కోసం. తలల మీద చేతులుంచి ప్రార్థిస్తారు, ఆ తర్వాత వాళ్లు సంస్కారానికి రావచ్చు. ఏడాదికోసారి జరిగే పని. దానికి ముందు బాప్తిస్మం కావాలి. అది ఈ వారమే కావాలి, కాలువలోనే కావాలి. లేకపోతే ఆమె ఇంకో ఏడాది ఆ చోటు పక్కన ఖాళీగా వదిలి మోకరించాలి. ఆమె నా వైపు చూస్తోంది.

నాకు ఈత రాదు, నీళ్లంటే భయం, ఇంకెవరినైనా పిలుద్దాం అని చెప్పి ఉండొచ్చు. నాలుగు మాటలు. అవి చెప్పలేక, "ఆదివారం సాయంత్రం" అన్నాను.

వాళ్లు వెళ్లాక మా ఆవిడ వంటింట్లోంచి వచ్చింది. "ముంచడం సరే. మిమ్మల్ని ఎవరు తీస్తారు?"

ఆ వారం బిషప్ గారి రాకకి కొవ్వొత్తులూ అవీ కొనడానికి విజయవాడ వెళ్లాను. వన్ టౌన్‌లో ఒక సైకిలు సామాన్ల కొట్టు ముందు ట్యూబులు తోరణాల్లా వేలాడుతున్నాయి. వాటిని చూస్తూ నిలబడిపోయాను. నాకు దేవుడి పిలుపు వచ్చినప్పుడు కూడా అంత స్పష్టంగా ఆలోచన రాలేదు.

ఆదివారం సాయంత్రం పడకగదిలో తలుపులు వేసుకున్నాం. నేను చేతులు పైకెత్తి నిలబడ్డాను. నడుము చుట్టూ రెండు చుట్లు సైకిలు ట్యూబు. మా ఆవిడ పంపు కొడుతోంది.

"ఇంకా కొట్టనా?"

"ఇంకొంచెం."

"నిజం చెప్పడం ఇంతకంటే కష్టమాండీ?"

"చాలు చాలు, ఊపిరాడటం లేదు."

ఆవిడ పంపు పక్కన పెట్టి, నా చుట్టూ ఒకసారి తిరిగి చూసింది. "నిండు నెలల్లా ఉన్నారు" అంది. పైన నిలువుటంగీ వేసుకున్నాను. వెడల్పుగా కుట్టించుకోవడం ఇన్నాళ్లకి పనికొచ్చిందనిపించింది.

కాలువ రేవు దగ్గరికి సంఘమంతా వచ్చేసింది. వంతెన మీద మిగతా ఊరు. హోటలు వాళ్లు కొట్టు కట్టేసి మరీ వచ్చారు. కృష్ణ ఈదిన అయ్యగారు కాలువలో దిగుతారని కబురు పాకినట్టుంది. పొలాల్లో పనిచేసి వస్తున్నవాళ్లు కూడా గట్టు మీద చతికిలబడ్డారు. ట్రాన్సిస్టరు రేడియో ఒకటి ఎక్కడో పాడుతుంటే పంతులుగారు ఆపించారు.

మెట్లు దిగుతుంటే నీళ్లు నడుం దాకా వచ్చి ఆగాలి. పొద్దున వచ్చి కర్ర దించి చూసుకున్నాను. అలాంటిది మూడో మెట్టు మీదే నడుం దాకా వచ్చాయి. ఇంకో మెట్టు దిగేసరికి రొమ్ము దాకా.

లస్కరు నా పక్కకి వంగి, చిన్న గొంతుతో, ఎంతో గర్వంగా అన్నాడు. "పైన తూము కాడ మావోడికి చెప్పి తలుపు కాస్త ఎత్తించానండి. మీలాంటి ఈతగాడికి నడుంలోతు నీళ్లేం మర్యాదండీ!"

నేను వెనక్కి తిరిగి చూశాను. మా ఆవిడ రెండు చేతులతో పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. ఇప్పటికీ చెప్పదు.

ఈ మనిషిని నేను ముంచాల్సిన పని కూడా లేదని దిగాక తెలిసింది. తల మీద చెయ్యి పెడితే తనే కూర్చుని లేస్తున్నాడు. "తండ్రి యొక్కయు" అన్నాను. మునిగి లేచాడు. నీళ్లు కారుతున్న మొహంతో నవ్వాడు. "కుమారుని యొక్కయు" అన్నాను. మళ్లీ మునిగి లేచాడు. గట్టు మీద ఎవరో హల్లెలూయా అన్నారు. ధైర్యం వచ్చి, మూడోసారికి కాస్త హుందాగా ఉండాలని చెయ్యి ఎత్తి ఒక అడుగు ముందుకు వేశాను.

అక్కడ మెట్టు లేదు.

ఆ తర్వాత జరిగింది గట్టు మీదవాళ్లు చెప్పగా కూర్చుకున్నదే. నీళ్లలో పడగానే అంగీ గొడుగులా విచ్చుకుంది. నడుముకున్న ట్యూబు తొడల మీదికి జారిపోయింది. గాలి నిండిన ట్యూబు పైకి తేలాలి కదా, తేలింది. దానితోపాటు కాళ్లూ తేలాయి. దాంతో తల కిందికి వెళ్లింది. వంతెన మీద నుంచి చూసినవాళ్లకి నీటి మీద తెల్లటి గుడ్డ, అందులోంచి నిక్కబొడుచుకున్న రెండు పాదాలు, అంతే కనిపించాయట. కాసేపు ఎవరూ కదల్లేదు. అది పెద్ద ఈతగాళ్లు చేసే విద్య అనుకున్నారు. హోటలాయన చప్పట్లు కూడా కొట్టాడట.

లస్కరు ఒక్కడే సంగతి గ్రహించాడు. నీళ్లతో మనిషి పడే పేచీ ఎలా ఉంటుందో అతనికి తెలుసు. ఒక చేత్తో నా నడుం, రెండో చేత్తో మెడ పట్టుకుని, బస్తాలా భుజాన వేసుకుని మెట్ల మీదికి తెచ్చి పడుకోబెట్టాడు. ఆ కుదుపుకి ట్యూబు ఎక్కడో చిరిగి, గాలి బుస్సుమంటూ బయటికొచ్చింది. చాలాసేపు వచ్చింది. అంతమంది జనంలో ఇంకో చప్పుడు లేదు.

"ఏంటండీ ఆ శబ్దం?" అని పంతులుగారు అడిగారు.

"సైకిలు ట్యూబండీ" అంది మా ఆవిడ.

ముందు వంతెన నవ్వింది. తర్వాత గట్టు నవ్వింది. చివరికి మా సంఘం కూడా ఆపుకోలేకపోయింది. నేను బోర్లా పడుకుని కాలువ నీళ్లు కక్కుతున్నాను.

నవ్వనిది ఇద్దరే. మెట్ల మీద నిలబడ్డ లస్కరు భార్య. మళ్లీ నీళ్లలోకి దిగి నిలబడ్డ లస్కరు.

"అయ్యగారూ" అని కేకేశాడు. "ఇంకో మునక మిగిలిందండి!"

నేను మాట్లాడబోయాను. మాట బదులు నీళ్లు వచ్చాయి.

"ఇవాళ్టికి ఆపేద్దాం లేవయ్యా" అన్నారు పంతులుగారు. "అయ్యగారు కోలుకున్నాక చూద్దాం."

"పొద్దున కాలువ కట్టేస్తన్నారండి. సగం బాప్తిస్మంతో ఇంటికెట్టా పోనండీ? నన్ను తండ్రి, కుమారుడు కాడ ఆపేస్తే నేనెవరి లెక్కలో ఉంటానండి?"

అతను నిజంగానే అడుగుతున్నాడు. జనం నవ్వు ఆగిపోయింది. అతని భార్య మెట్టు మీద కూలబడి, మొహం మోకాళ్లలో దాచుకుంది.

అప్పుడు బైబిలమ్మ వచ్చి నా పక్కన వంగింది. ఆవిడ నవ్విన కన్నీళ్లు ఇంకా తుడుచుకోలేదు.

"అయ్యగారూ, నే దిగనా?"

గత్యంతరం లేని వేళ విశ్వాసి ఎవరైనా బాప్తిస్మం ఇవ్వొచ్చని మా సంఘంలో కట్టుబాటు ఉంది. చావుబతుకుల్లో ఉన్నవాళ్ల కోసం పెట్టింది. ఇక్కడ చావుబతుకుల్లో ఉన్నది నేనొక్కణ్ణే. ఇది గత్యంతరం లేని వేళేనా? బిషప్ గారు వచ్చాక ఒప్పుకుంటారా? ఇలా సెమినరీ పాఠాలన్నీ తడిసిన బుర్రలో తిరిగాయి. వాటన్నిటికీ కింద, అసలు బాధ ఒకటుంది. ఊరంతా చూస్తుండగా, నా పని ఆవిడ పూర్తిచేస్తుందా? నేను ఎవరి దగ్గర్నుంచి పాటా ప్రకటనలూ లాగేసుకున్నానో ఆవిడే?

మెట్టు మీద ఆ ఇల్లాలు తలెత్తి చూసింది. నేను తలూపాను.

బైబిలమ్మ కళ్లద్దాలు తీసి మా ఆవిడ చేతికిచ్చింది. చీర దోపుకుని దిగింది. ఆవిడకి నీళ్లు గడ్డం దాకా వచ్చాయి. చెయ్యి ఎత్తితే అతని తల అందలేదు. "కాస్త వంగరా నాయనా, నేనేం కొబ్బరిచెట్టు ఎక్కగలనా?" అంది. వంగాడు. ఆ పెద్ద గొంతుతో, అవతలి ఒడ్డుకి వినిపించేలా అంది. "పరిశుద్ధాత్మ యొక్కయు నామములో నీకు బాప్తిస్మమిచ్చుచున్నాను. మునుగు."

మునిగాడు. చాలాసేపు లేవలేదు. ఎన్నాళ్లుగానో అనుకున్న పని కదా, తీరిగ్గా మునిగాడు. లేచేసరికి ఆవిడే పాట ఎత్తుకుంది, గడ్డం దాకా నీళ్లలో నిలబడి. పాట నేను లాక్కున్నాక మొదటిసారి అది శ్రుతిలో సాగింది.

ఇక్కడితో నేను బాగుపడ్డానని మీరు అనుకుంటే పొరపాటు. నీళ్లలో మునిగినంత మాత్రాన మనిషి మారడని నేను సొంత అనుభవంతో చెప్పగలను.

మర్నాడే పంతులుగారిని పిలిచి, బిషప్ గారి దగ్గర ఈ గొడవంతా ఎత్తొద్దని చెప్పాను. బాప్తిస్మం నేనిచ్చినట్టే ఉండనివ్వండి, రెండొంతులు నేనే ఇచ్చాను కదా అన్నాను. బైబిలమ్మతో కూడా అన్నాను. ఆవిడ కళ్లద్దాలు పైకి తోసుకుంది.

"నేనెందుకు చెప్తానండీ, గొప్పకి చేశానా?" అంది. "అడిగితే మాత్రం లేదనను." ఆ రోజు ఆవిడ గొంతు చిన్నగా ఉంది. కాలువ కాదు కదా, గది దాటి కూడా వినిపించలేదు.

లస్కరుతో మాత్రం చెప్పలేకపోయాను. నన్ను భుజాన మోసుకొచ్చిన మనిషి. అతని దగ్గరికెళ్లి, నా కోసం అబద్ధమాడవయ్యా అని ఎలా అడగను? సిగ్గుపడ్డాను. ఆ సిగ్గే నన్ను పట్టిచ్చింది.

బిషప్ గారు వచ్చిన రోజు కారు దిగుతూనే అడిగారు. "కాలువలో ఇచ్చారటగా బాప్తిస్మం? బాగా జరిగిందా?"

"మీ ప్రార్థనల వల్ల బాగా జరిగిందండీ" అన్నాను.

బిషప్ గారికి ఒక అలవాటుంది. చేతులుంచే ముందు ఒక్కొక్కరినీ ఏదో చిన్న ప్రశ్న అడిగేవారు. వాళ్ల బెరుకు పోగొట్టడానికే, పరీక్ష కాదు. వరసలో చివరన, కొత్త చొక్కాలో చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడ్డ లస్కరు దగ్గరికి వచ్చారు.

"నీకు బాప్తిస్మం ఎవరిచ్చారు నాయనా?"

"తండ్రి, కుమారుడు దాకా మా అయ్యగారండి" అన్నాడు లస్కరు. "పరిశుద్ధాత్మ బైబిలమ్మగారండి."

గుడిలో ఎవరో కిసుక్కుమన్నారు. బిషప్ గారి కనుబొమలు పైకి లేచాయి. "అంటే?"

"నడిమధ్యలో మా అయ్యగారు మునిగిపోయారండి."

బిషప్ గారు మెల్లగా నా వైపు తిరిగారు. ఆయన మొహంలో నవ్వు లేదు. లస్కరు భార్య ఆడవాళ్ల వరసలో నుంచి సగం లేచి నిలబడింది. ఆమెకి అర్థమైంది. ఆ బాప్తిస్మం చెల్లదని బిషప్ గారు ఒక్క మాటంటే చాలు, బయట కాలువ ఎండిపోయి ఉంది. 'అతను కంగారుపడుతున్నాడండీ, ఇచ్చింది నేనే' అనే మాట నా నాలుక మీద సిద్ధంగా ఉంది. అలాంటి మాటలు నాకు ఎప్పుడూ సిద్ధంగానే ఉంటాయి. రెండో వరసలోంచి మా ఆవిడ కళ్లార్పకుండా చూస్తోంది, కృష్ణ ఈదిన రోజు చూసినట్టే.

"నిజమేనండీ" అన్నాను. "బాగా జరిగిందని మీతో అన్నది అబద్ధం. నాకు ఈత రాదు. కృష్ణ ఈదానని ఈ గుళ్లోనే, అదిగో ఆ ప్రసంగ వేదిక మీదే అబద్ధం చెప్పాను. ఆ మాట నమ్మి ఇతను నీళ్లు ఎక్కువ వదిలించాడు. నేను మునిగిపోతే నన్ను తీసింది ఇతను. మిగిలిన పని పూర్తిచేసింది ఆవిడ. అది మీతో చెప్పొద్దని ఆవిడకి చెప్పింది నేను. తప్పంతా నాది. ఇతనిది మాత్రం చెల్లదనకండి."

వెనక బెంచీలోంచి ఒక ముసలాయన పక్కవాడితో, "అయితే వీపు మీద మనిషిని మొయ్యలేదా?" అనడం అందరికీ వినిపించింది.

బిషప్ గారు బైబిలమ్మని ముందుకు రమ్మన్నారు. ఆవిడ వచ్చి నాకు కాస్త దూరంగా నిలబడింది.

"ఎందుకు దిగావమ్మా నీళ్లల్లోకి?"

"అయ్యగారు తలూపారండి. ఊపకపోతే ఏం చేసేదాన్నో నాకూ తెలీదు."

ఆయన మా ఇద్దరినీ చూస్తూ అన్నారు. "తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మల మధ్య వాటాలు లేవు. మీ ఇద్దరి మధ్య ఎందుకండీ?"

మమ్మల్నిద్దర్నీ లస్కరుకి చెరో పక్క నిలబెట్టి, అతని తల మీద చేతులుంచారు. ఆ రోజు ప్రకటనలు ఎవరు చదవాలని పంతులుగారు కళ్లతో అడిగితే, నేను బైబిలమ్మ వైపు చూపించాను. ఆవిడ చదివింది. అవతలి ఒడ్డుకి వినిపించేలా చదివింది. ఆ తర్వాత నేను అక్కడున్నన్నాళ్లూ స్త్రీల కూటానికి పిలిస్తేనే వెళ్లాను. రెండుసార్లు పిలిచారు.

సంస్కారం వేళ బిషప్ గారు రొట్టె ఇస్తుంటే, నేను గిన్నె పట్టుకుని వెనకాలే నడిచాను. కటకటాల చివరన ఆమె మోకరించింది. అలవాటు కొద్దీ పక్కన చోటు వదిలింది. లస్కరు వచ్చి ఆ చోటులో మోకరించాడు. అతనికి ఆ చోటు చాలలేదు. ఆమె కొంచెం జరగాల్సి వచ్చింది.

గిన్నె అందించడానికి వంగాను. గిన్నె ఒక పక్కకి ఒరిగింది. అతను అడుగు నుంచి తన పెద్ద చేత్తో గిన్నెని పట్టుకుని కుదురు చేశాడు. తల వంచుకునే, పెదాలు కదిలీ కదలకుండా అన్నాడు.

"జూన్‌లో నీళ్లొదుల్తారండి. నే నేర్పుతా."

బలిపీఠం దగ్గర నవ్వకూడదు. నేను నవ్వలేదు. ఆ గిన్నెలో ద్రాక్షారసం మాత్రం కాస్త ఒలికింది.

జూన్‌లో నేర్పాడు. నడుంలోతు నీళ్లలో, బైబిలమ్మ గట్టు మీద కూర్చుని "కాళ్లు కొట్టండి, కాళ్లు!" అని అరుస్తుండగా, ఆ కాలువని ఈ గట్టు నుంచి ఆ గట్టుకి ఈదాను. కృష్ణ మాత్రం ఇప్పటికీ ఈదలేదు. ఈదానని ఎవరైనా అంటే నమ్మకండి.